ఆవిడ పేరున్న పిజ్జా

మా సండేస్కూల్ మాస్టారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను హావ్‌లాక్ దీవి జెట్టీ దగ్గర నిలబడి, ఒక పర్యాటక కుటుంబానికి సముద్రం ఎటువైపు ఉందో చూపిస్తున్నాను. నా ఉద్యోగం అదే. ఫోన్లో అమ్మ, "మాస్టారు ఎల్లిపోయార్రా. నిద్దట్లోనే. బేగి బోటెక్కీ," అంది. అంతటి వార్తకు తగిన ముఖం నా దగ్గర లేదు. ఉన్న ముఖంతోనే వాళ్లకు సముద్రాన్ని పూర్తిగా చూపించి, మధ్యాహ్నం బోటెక్కాను.

మన సంఘం పత్రిక ఈ సంచిక చదివే పెద్దలకు ముందుగా ఒక మనవి. మాస్టారి గురించి నాలుగు మాటలు రాయమని సంఘం పెద్దలు నన్ను ఆజ్ఞాపించారు. తెలుగు రాయడం వచ్చిన కుర్రాడు పోర్ట్ బ్లెయిర్‌లోని మా బతు బస్తీలో నేనొక్కణ్ణే మిగిలానట. ఇందులో నా గొప్పతనం లేదు. మిగతావాళ్లు ఆయన పాఠాల నుంచి సమయానికి తప్పించుకున్నారు, నేను మాస్టారి పక్కింట్లో పుట్టాను కాబట్టి తప్పించుకోలేకపోయాను.

ఆయన తండ్రి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో విశాఖపట్నం నుంచి ఓడెక్కి, ఈ దీవులకు అడవి కొట్టే పనికి వచ్చారు. మాస్టారు ఇక్కడే పుట్టి, హార్బర్‌లో ఉద్యోగం చేసి, ఆదివారాలు గుడి వెనక షెడ్డులో మాకు అక్షరాలు దిద్దించేవారు. మేము హిందీలో కొట్టుకుని తెలుగులో ప్రార్థన చేసుకునే జాతి. బడిలో తెలుగు అవసరం పడదు. అందుకని నేను "ప్రభువు"కు బదులు హాయిగా "ప్రబువు" అని రాసేవాణ్ణి.

"ఒరే, అక్షరం తప్పు రాస్తే దేవుడికి అర్థమవుద్ది. మనుషులకే అవదు. మనుషుల కోసం సరిగ్గా రాయి," అనేవారు.

ఆయన భార్యను మేమంతా అమ్మగారు అని పిలిచేవాళ్లం. మాస్టారు మాత్రం "ఇదిగో" అనేవారు. ఆ ఇంట్లో "ఇదిగో" అంటే మంచినీళ్లు కావాలని. "ఇదిగో, ఇదిగో" అంటే కళ్లజోడు కనబడటంలేదని. గోడకివతల ఉండి నేను చిన్నప్పుడే ఈ భాష నేర్చేసుకున్నాను. ఆవిడకు ఒక పేరు ఉందన్న సంగతి మాత్రం ఆవిడ పోయాక, సమాధుల పండుగనాడు రాతికి సున్నం వేస్తుంటే తెలిసింది. మార్గరెట్. బ్రష్షు పట్టుకుని ఆ పేరును చాలాసేపు చూశాను. ఎవరో కొత్త మనిషి పేరులా అనిపించింది.

వాళ్లకు పిల్లలు లేరు. ఆవిడ పోయాక మాస్టారు స్టవ్ పక్కనే నిలబడి తినడం మొదలుపెట్టారు. మా వంటింటి కిటికీలోంచి కనబడేది. గిన్నె ఒక చేతిలో, చెంచా ఇంకో చేతిలో, ఏదో బస్సు అందుకోవాల్సిన మనిషిలా. అమ్మ కూర పంపితే గిన్నె కడిగి తిరిగి ఇచ్చేవారు, "కూర అమృతంలా ఉంది తల్లీ," అని మెచ్చుకునేవారు. మా ఇంటికొచ్చి కూర్చుని తినమంటే మాత్రం, "ఎందుకులే, మీకు అడ్డం," అనేవారు.

నాకు మొదటి జీతం వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఇటలీ పిజ్జా హోటల్లో పార్టీ ప్రకటించాను. రావాల్సిన స్నేహితులు ఒక్కొక్కరే ఫోన్ చేసి ఒక్కొక్క కారణం చెప్పారు. ఒకడి కారణం వర్షం. ఆ రోజు ఎండ కాస్తోంది. బస్టాండులో ఒక్కణ్ణే నిలబడి నా ప్రజాదరణ గురించి ఆలోచిస్తుంటే, మాస్టారు గొడుగు చంకలో పెట్టుకుని ఎదురయ్యారు.

"మాస్టారూ, పిజ్జా తిందాం రండి."

"అదేట్రా?"

"ఇటలీవాళ్ల రొట్టె."

"రొట్టె తినడానికి ఇటలీ దాకా ఎందుకురా, మనింట్లో లేదా?" అన్నారు గాని, వచ్చారు.

మేడమీద హోటలు. కిటికీలోంచి హార్బర్ కనబడుతుంది. తన పాత ఆఫీసు ఎటో చూసుకుని, ఆ వైపు వీపు పెట్టి కూర్చున్నారు. "ముప్పై ఏళ్లు చూశాన్లే," అన్నారు. మెనూ తెరిచి, కళ్లజోడు సర్దుకుని, హాజరు పట్టీ చదువుతున్నట్టు పేర్లన్నీ చదవసాగారు. మొదటి పేరు దగ్గరే ఆగిపోయారు.

"ఇదేటి, మనుషుల పేరెట్టారు?"

"మార్గరీటా. ఎవరో రాణి పేరట మాస్టారూ."

"రాణీయా." కాసేపు తల ఊపారు. "అయితే తగును."

వెయిటరు వచ్చాడు. రాంచీ నుంచి వలసొచ్చిన కుటుంబం కుర్రాడు, పెళ్లయి ఇద్దరు పిల్లలున్నవాడు, పేరేదైనా అందరూ భయ్యా అనే పిలుస్తారు. "క్యా లేంగే అంకుల్?" అన్నాడు, ఏం తీసుకుంటారని. మాస్టారు నోరు తెరిచారు. మూసుకున్నారు. చివరికి మెనూ మీద వేలు పెట్టి, "యే వాలా," అన్నారు.

"మార్గరీటా?"

"హాఁ. వహీ."

ఆ హోటల్లో వంటగదికి ఒక కిటికీ ఉంది. పిజ్జా తయారైతే భయ్యా అక్కడ నిలబడి హాలంతా వినబడేలా పిలుస్తాడు. పిలిచాడు. "మార్గరీటా కిస్‌కా హై?" మార్గరీటా ఎవరిదని.

మాస్టారు గుడిలో పాటకు లేచినట్టు లేచి నిలబడ్డారు. "మేరా హై," అన్నారు, నాదేనని.

పక్క బల్ల దగ్గరి టూరిస్టులు నవ్వారు. నేను కూడా నవ్వాను. ఎందుకు నవ్వకూడదో నాకు అప్పటికి తెలియదు. తర్వాత ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. వండినవాళ్లను, ఓడల్లో ఉన్నవాళ్లను, నా ఉద్యోగాన్ని, రాని నా స్నేహితులను, అందరినీ దీవించమన్నారు. "నీ దగ్గరున్న మా ఇంటిమనిషిని" అని ఒక చోట ఆగి, ముందుకు వెళ్లారు. ఆమెన్ వచ్చేసరికి పిజ్జా మీది చీజు గట్టిపడిపోయింది. "ఆకలున్నవాడే ఆమెన్ గట్టిగా అంటాడు," అని నన్ను మెచ్చుకున్నారు.

అప్పుడన్నాను. "అమ్మగారిని ఏనాడూ పేరెట్టి పిలవలేదు గాని, ఇక్కడ ఊరంతా వినేలా పిలిపించారే?"

"నేనెక్కడ పిలిచానురా? వాడు పిలిచాడు," అన్నారు. ముక్క చేతిలో అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత, నేను అడగకుండానే, మీసానికి అంటిన చీజు తుడుచుకోకుండానే చెప్పారు. ఆసుపత్రిలో ఒక సాయంత్రం ఆవిడ నవ్వుతూ అడిగిందట: "ఊళ్లో మేకలకు కూడా పేర్లెట్టి పిలుస్తారు. నన్నొక్కసారి పిలవొచ్చు గదా." ఆయనకు సిగ్గేసిందట. పక్క మంచం వాళ్లు వింటున్నారట. "రేపు పిలుస్తాన్లేవే," అన్నారట.

"ఆ రేపు వచ్చేసరికి ఆవిడ వినే స్థితిలో లేదురా," అన్నారు మాస్టారు.

గట్టిపడ్డ చీజుతోనే పిజ్జా తిన్నాను.

అప్పట్నుంచి జీతం వచ్చిన శనివారం మేమిద్దరం అక్కడే. ప్రతిసారీ అదే పిజ్జా. ఆర్డరు ఆయనే ఇవ్వాలని నా పట్టు. "మాస్టారూ, ఈసారి వేలు పెట్టకూడదు. నోటితో." ఆయన కూర్చున్నచోటే వీపు నిటారుగా పెట్టుకునేవారు. "ఏక్..." అనేవారు. భయ్యా పెన్ను ఆపి ఎదురుచూసేవాడు. "ఏక్..." అని మళ్లీ అనేవారు. ఆఖరికి వేలే వెళ్లేది.

"గొంతులో పట్టేసిందిరా."

"పాటల పుస్తకమంతా పాడే గొంతు మాస్టారూ అది."

"పాటల్లో నా పెళ్లాం పేరు లేదు గదరా," అనేవారు.

ఆయనది మొండితనమని మొదట్లో అనుకున్నాను. తర్వాత తెలిసింది, భయమని. ఆ పేరు బయటికి అంటే ఆవిడ పలకదు, ఇక లేదని తేలిపోతుంది. అనకుండా ఉన్నంతకాలం ఆ "రేపు" ఇంకా మిగిలే ఉంటుంది. ఇది ఆయన చెప్పిన మాట కాదు, నేను ఊహించినది. తప్పయితే దిద్దే మనిషి ఇప్పుడు లేరు.

టూరిస్టుల సీజన్ మొదలై ఆఫీసువాళ్లు నన్ను హావ్‌లాక్ పంపించేశారు. శనివారాలు పోయాయి. ఫోన్ చేస్తే, "తిన్నావురా?" అని అడిగేవారు. మీరు తిన్నారా అంటే, "ఆఁ, తినేశాను," అనేవారు. కూర్చుని తిన్నారో నిలబడి తిన్నారో ఫోన్లో తెలియదు.

సమాధి కార్యక్రమం వాన పడుతుండగా జరిగింది. అమ్మగారి పక్కనే పెట్టారు. అందరూ మాట్లాడారు. నమ్మకమైన సేవకుడన్నారు, వెలుగు అన్నారు, దీపస్తంభం అన్నారు. అవన్నీ నిజమే కావచ్చు. నాకు మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయే "ఏక్" ఒక్కటే వినబడుతూ ఉంది.

మర్నాడు శనివారం. మేడమీదికి ఒక్కణ్ణే వెళ్లి, మా బల్ల దగ్గరే కూర్చున్నాను. భయ్యా వచ్చి, "అంకుల్ నహీ ఆయే?" అన్నాడు, అంకుల్ రాలేదేమని. చెప్పాను. మెనూ గుండెకు అదుముకున్నాడు.

"పిఛ్‌లే హఫ్తే ఆయే థే. అకేలే," అన్నాడు. పోయినవారం ఒంటరిగా వచ్చారట.

"వేలు పెట్టి చూపించారా?"

"నహీ భాయ్. ఉస్ దిన్ బోలే." ఆ రోజు నోటితోనే చెప్పారట. కళ్లు మూసుకుని, మెల్లగా. సరిగ్గా పలకలేదనుకుని భయ్యా దిద్దాడట: మార్గరీటా, అంకుల్. మాస్టారు తల అడ్డంగా ఊపారట.

"బోలే, నహీ బేటా. మార్గరెట్."

"ఆ తర్వాత?"

"మైనే భీ వైసే హీ పుకారా." కిటికీ దగ్గర నిలబడి తను కూడా మార్గరెట్ అనే పిలిచాడట. హాలు నిండా జనం ఉన్నారట. మాస్టారు లేవలేదట. కూర్చునే ఉండి, చేయి ఎత్తారట. ఆ తర్వాత చాలాసేపు కూర్చుని, మొత్తం తిన్నారట.

ఆ రోజు ఆయన ఇంటికెళ్లి నాకు ఫోన్ చేసి ఉంటే ఎంత వెక్కిరించేవాణ్ణో. ఎన్నో మాటలు సిద్ధంగా ఉన్నాయి. చెప్పుకోవడానికి మనిషి లేక అవన్నీ నాతోనే ఉండిపోయాయి.

నాకు కూడా అదే తెమ్మన్నాను. ఎదురుచూస్తుంటే పక్క బల్లకు పెద్ద కుటుంబం వచ్చింది, మెయిన్‌ల్యాండ్ వాళ్లు, పుట్టినరోజు కాబోలు. వాళ్లలో ఒకావిడ వచ్చి నా ఎదుటి కుర్చీ మీద చెయ్యి వేసి, "ఖాలీ హై?" అని అడిగింది.

హాఁ దీదీ, తీసుకెళ్లండి అన్నాను.

కుర్చీ నేల మీద చప్పుడు చేసుకుంటూ వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. దాని మీద ఒక చిన్నపిల్లను కూర్చోబెట్టారు. పిజ్జా వచ్చింది. భయ్యా ఈసారి పేరు పిలవలేదు. తనే తెచ్చి, నా ముందు మెల్లగా పెట్టి, ప్లేటును కొంచెం నావైపు తిప్పి వెళ్లిపోయాడు.