గడగడా చదివే పిల్ల

అమీర్‌పేటలో ఏ గోడ చూసినా ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కోర్సు పేరే కనిపించే రోజుల్లో నేను రెండో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెప్పేదాన్ని. నిజానికి ఆ కోర్సుల్లో ఒకటి నేర్చుకోవడానికే గుంటూరు వైపు నుంచి వచ్చి ఎస్.ఆర్. నగర్‌లో లేడీస్ హాస్టల్లో దిగాను. కోర్సు పూర్తయింది, ఉద్యోగం మాత్రం రాలేదు. ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లక బల్కంపేట సందులో ఒక చిన్న ప్రైవేటు బడిలో చేరాను. నెల రోజులు చేసి మానేద్దామనుకున్నాను గానీ, పట్టుకున్నది వదలడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

ఆ బడిలో ఇంగ్లీషు చెప్పడానికి ఒక పద్ధతి ఉండేది. నేను ఒక వాక్యం చదవాలి, నలభై మంది పిల్లలూ రాగం తీసి దాన్ని తిరిగి అనాలి. వారం తిరిగేసరికి పాఠం మొత్తం నోటికి వచ్చేది. అప్పుడు ఒక్కొక్కరినీ లేపి పుస్తకం చేతికిస్తే గడగడా అప్పజెప్పేవారు. దాన్నే మేము రీడింగ్ అనేవాళ్లం, మార్కులూ దానికే వేసేవాళ్లం. రైటింగ్ అంటే బోర్డు మీద ఉన్నదాన్ని నాలుగు గీతల నోట్‌బుక్కులోకి ఎక్కించడం. స్పోకెన్ అంటే 'మే ఐ డ్రింక్ వాటర్, మిస్'. నేనూ అలాగే చదువుకున్నాను కనుక నాకేమీ తేడాగా అనిపించలేదు. మా హాస్టల్లో ఇంటర్వ్యూలకు వెళ్లే అమ్మాయిలు తమ గురించి తాము చెప్పుకునే నాలుగు ముక్కలు కూడా బట్టీ పట్టే వెళ్లేవారు. నేనూ పట్టాను.

నా తరగతిలో రీడింగ్‌లో ఫస్టు మా హాస్టల్ వంటక్క కూతురు. ఏడేళ్ల బక్క పిల్ల. గొంతు మాత్రం వీధిలోకి వినపడేది. సాయంత్రం బడి నుంచి వచ్చి వంటగది గడప మీద కూర్చుని చదివేది, వాళ్లమ్మ చపాతీలు ఒత్తుతూ వినేది. అక్కది మెదక్ వైపు. సంతకం తప్ప అక్షరం రాదు. కూతురు ఇంగ్లీషు చదువుతుంటే ఆవిడ మొహం చూసి తీరాలి.

"జర వినుండ్రి టీచర్, మీ కోర్సులోళ్ల కంటె మంచిగ చదువుతున్నది" అనేది.

ఆవిడ పట్టుదలంతా ఒక్కదాని మీదే. పంజాగుట్టలో ఒక పెద్ద బడి ఉంది. ఎండాకాలం సెలవులకు ముందు అక్కడ పరీక్ష పెట్టి, కొద్దిమంది పేదింటి పిల్లలను ఫీజు లేకుండా మూడో తరగతిలో చేర్చుకుంటారు. తన కూతురు ఆ బడి యూనిఫాం వేసుకుని బస్సెక్కాలి. అందుకోసం ఆవిడ మా హాస్టల్లో రెండు పూటల వంటతో పాటు పక్క హాస్టల్లో అంట్లు కూడా తోమేది.

ఒక సాయంత్రం టీ కోసం వంటగదిలోకి వెళ్లాను. పాప చదువుతోంది. ఆ పుస్తకం మీద అంతకు ముందెప్పుడో సాంబారు ఒలికి రెండు పేజీలు అంటుకుపోయాయి. అవి రెండూ కలిసి ఒకేసారి తిరిగాయి. పాప ఆగలేదు. లోపల దాక్కున్న పేజీల్లో ఉన్నది ఒక్క ముక్క పొల్లుపోకుండా అనేస్తోంది, వేలు మాత్రం తర్వాతి పేజీలో పోస్టు డబ్బా బొమ్మ మీద నడుస్తోంది.

పుస్తకం తీసుకుని, మధ్యలో ఒక చిన్న మాట చూపించి ఇదేంటమ్మా అని అడిగాను. పాప పెదాలు కదిపింది. పాఠం మొదటి నుంచీ లోపల లోపల అనుకుంటూ, ఒక్కో మాటకూ వేలు జరుపుకుంటూ అక్కడి దాకా వచ్చి, అప్పుడు చెప్పింది. హాస్టల్ గోడ మీద అంటించిన కోచింగ్ సెంటర్ కాగితం చూపిస్తే అందులో ఒక్క మాట కూడా చెప్పలేకపోయింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఫస్టు ఇచ్చింది నేనే.

"అక్కా, పాపకి చదవడం రాదు" అన్నాను.

చపాతీ కర్ర ఆగింది. "ఏంది టీచర్, గిప్పుడే గద చదివింది."

"అది నోటికొచ్చింది అప్పజెప్పడం. కొత్త కాగితం ఇస్తే చదవలేదు."

"మరి ఫస్టు ఎట్ల ఇచ్చిండ్రు?"

"తప్పు నాదే. పరీక్షకి ఇంకా మూడు నెలలున్నాయి. రోజూ ఐదింటికి నా గదికి పంపించండి. నేర్పిస్తాను."

ఆవిడ మళ్లీ చపాతీలు ఒత్తుకుంది.

మర్నాడు బడిలో పిల్లలందరికీ కొత్త కాగితం ఇచ్చి చూశాను. చదవగలిగినవాళ్లు ఒక చేతి వేళ్లకు సరిపోయారు. ఆ రోజుతో రాగాలు ఆపేశాను. తరగతిలో చప్పుడు లేదేమిటని హెడ్ మేడం వచ్చి నిలదీసింది. ఇకనుంచి ఇంతేనన్నాను. ఉద్యోగం పోతే పోనీ అనిపించింది, పోలేదు.

పాపతో మాత్రం అక్షరాల శబ్దాల దగ్గర మొదలుపెట్టాను. నా షరతు ఒక్కటే. వేలు ఏ మాట కింద ఉందో ఆ మాటే నోట్లోంచి రావాలి. నోరు ముందుకు పరిగెత్తితే పేజీ మీద అరచెయ్యి పెట్టేసేదాన్ని. పాప ఏడ్చేది, బలపం విసిరేసేది, నేను వెళ్లి తెచ్చి మళ్లీ చేతిలో పెట్టేదాన్ని. ఇద్దరం ఇద్దరమే. తెలిసిన పుస్తకం పక్కన పడేసి, రోడ్డు మీద చేతిలో పెట్టే కోర్సుల కరపత్రాలూ, మసాలా పొట్లాలూ చదివించాను. మర్నాటి టిఫినేమిటో రోజూ హాస్టల్ బోర్డు మీద ఇంగ్లీషులో రాసే పని అప్పజెప్పాను. దానికి నోట్సు ఎవరూ ఇవ్వరు కదా.

ఒకరోజు బోర్డు మీద ఉప్మా అని రాస్తుంటే ఒక అమ్మాయి ఏడిపించడానికి "ఎగైన్? వై?" అంది. పాప చాక్‌పీసు పట్టుకుని కాసేపు ఆలోచించి, "బికాజ్ రవ్వ ఈజ్ దేర్" అంది. ఎవరూ నేర్పని వాక్యం. ఆ సంతోషంలో నాకు ఆ రాత్రి ఆకలి కూడా తెలియలేదు.

కానీ చదువులో వేగం పోయింది. ఒక్కో మాట దగ్గరా ఆగి, కూడబలుక్కుని ముందుకు వెళ్లేది. అక్కకు దిగులు పట్టుకుంది. "మునుపు గడగడ చదువుతుండె. గిప్పుడు నత్తి వచ్చినట్టు చదువుతున్నది" అనేది. వస్తుందక్కా, వేగం దానంతటదే వస్తుందని చెప్పేదాన్ని.

పరీక్ష రోజు ఆవిడ నన్నూ తోడు రమ్మంది. పంజాగుట్టలో ఆ బడిలో ఒక గదిలో బల్ల వెనక ఒక మేడం కూర్చుంది. పిల్లలు ఒక్కొక్కరే ముందుకు వెళ్లాలి, తోడు వచ్చినవాళ్లం వెనక కుర్చీల్లో ఉన్నాం. మాకంటే ముందున్న అబ్బాయి తిరిగే ఫ్యాను వైపు చూస్తూ పేజీ మొత్తం అప్పజెప్పాడు. మేడం గుడ్ అంది. బల్ల మీదున్న పుస్తకం అప్పుడు చూశాను. మా రెండో తరగతి పుస్తకమే.

పాప వంతు వచ్చింది. మేడం తెరిచిన పాఠం మా తరగతిలో అందరూ నిద్రలో లేపినా చెప్పేది. పాప దాన్ని గుర్తుపట్టింది. వెనక్కి తిరిగి నా వైపు చూసింది. అప్పజెప్పనా, చదవనా అని అడుగుతోంది ఆ చూపు. నేను ఒక్కసారి తల ఊపితే చాలు, అర నిమిషంలో అయిపోయేది. నా తల కదల్లేదు.

పాప పేజీ వైపు తిరిగి మొదటి మాట కింద వేలు పెట్టింది. ఒక్కో మాటా చదివింది. తప్పు లేదు, తొందరా లేదు. నాలుగో వాక్యం సగంలో ఉండగా మేడం గడియారం చూసుకుని చాలంది.

గంట తర్వాత ఆ బడి ఆయమ్మ ఫలితాల చీటీలు తెచ్చి పంచింది. అక్క తన చీటీ నాకివ్వబోయింది. నేను అందుకునే లోపే పాప తీసుకుని వేలు పెట్టింది. "నాట్" అంది. తర్వాతి మాట దగ్గర ఆగింది. "సె... లె... సెలెక్టెడ్." ఇంకోసారి రెండూ కలిపి చదువుకుని, వాళ్లమ్మ వైపు చూసి, "అమ్మా, నన్ను తీసుకోలే" అంది.

"ఎవరు చెప్పిండ్రే?"

"ఎవరూ చెప్పలే. గీడ ఉన్నది."

అక్క నన్ను చూసింది.

చౌరస్తా దాకా నడిచాం. బస్టాపులో నిలబడ్డాక అక్క అంది. "మీ దిక్కు చూసింది గద టీచర్. తలకాయ ఊపితె సీటొస్తుండె."

"అవునక్కా."

"ఊపలే మీరు."

"ఊపలేదు."

ఎందుకో చెప్పాలని నోరు తెరిచాను. ఆవిడ రెండు హాస్టళ్లలో పడ్డ కష్టం ముందు నేను చెప్పబోయేదేదీ నిలబడేలా లేదు. బస్సులో పాప నా పక్కన కూర్చుని కిటికీలోంచి కనిపించిన దుకాణాల బోర్డులన్నీ చదువుతూనే ఉంది. సగం చదివేసరికి బోర్డు వెళ్లిపోతోందని విసుక్కుంది. అక్క ముందు సీటు కడ్డీ పట్టుకుని నిలబడి కూతుర్నే చూస్తోంది.

ఎస్.ఆర్. నగర్‌లో దిగి హాస్టల్ గేటు దాకా వచ్చాక అక్క ఆగింది.

"చీటీ చదువుతుంటె దాని వేలు దిక్కే చూసిన టీచర్. వేలు యాడున్నదో మాట గాడనే ఉన్నది" అంది. తర్వాత కొంగు దోపుకుని, "ఇంకో బడి అడిగొస్త. పరీక్షకు మీరు సుత రావాలె" అంది.

వస్తానన్నాను.

"గాడ సుత తలకాయ ఊపకుండ్రి" అని, వంటకు ఆలస్యమైందని లోపలికి వెళ్లిపోయింది.