మమత చెప్పిన సముద్రం

ఆరు ఓడలు, ఒక దీపస్తంభం, కాకినాడ పరువు. ఈ మూడింటినీ ఒకే లంచ్ టైములో నేనెలా ముంచేశానో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు, మా ఆఫీసంతా ఇప్పటికే నవ్వేసింది.

రాయదుర్గంలో మా ఆఫీసు పదకొండో అంతస్తులో కిటికీ పక్క సీటు ఖాళీ అయింది. అక్కడ కూర్చుంటే దుర్గం చెరువు కనిపిస్తుంది. సముద్రం పక్కన పుట్టి, కొండాపూర్ ఫ్లాట్‌లో ట్యాంకర్ నీళ్ళు తప్ప మరో నీటిచుక్క ఎరగని నాకు ఆ సీటు చూడగానే ప్రాణం లేచివచ్చింది. సిద్దిపేట నుంచి వచ్చిన మమతకూ అదే కావాలి. అది దక్కనివాళ్ళకు మిగిలేది ఏసీ గొట్టం కింద సీటు. అక్కడ మే నెలలో కూడా పళ్ళు టకటకలాడతాయి. "మీరే తేల్చుకోండి" అని మా టీమ్ లీడ్ చేతులు దులుపుకున్నాడు. కంప్యూటర్‌లో రాజ్యాలు కట్టే ఆట ఒకటుంది, ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వెయ్యాలి, దాంతో తేల్చుకుందామన్నాను. ఆ పాపం నాదే.

ఆమె గుర్రాల రాజ్యం తీసుకుంది. నేను ఓడల మీద వర్తకం చేసే రాజ్యం తీసుకున్నాను. "సముద్రమంటే మా రక్తంలోనే ఉందండి" అన్నాను. పడవెక్కితే నాకు వాంతులవుతాయన్న సంగతి ఆమెకు తెలియదు, మీరూ చెప్పకండి.

ఆ ఆటలో మన మనిషి వెళ్ళి చూసేదాకా పటమంతా నల్లగా ఉంటుంది. నా పట్నం పక్కన కాసిని నీళ్ళు కనిపించాయి. మమత రౌతు ఒకడు అటువైపు తిరిగి వచ్చాడు కదా అని అడిగాను.

"మమత గారూ, అవతలున్నది ఏంటండి?"

"సముద్రం అన్నా. మస్తు పెద్దగున్నది."

ఇంకేం కావాలి? ఉన్న కలపంతా పోసి రేవు కట్టాను, దీపస్తంభం నిలబెట్టాను, ఆరు ఓడలు దించాను. సైనికుడన్నవాడు ఒక్కడు కూడా లేడు. పడమటికి పంపిన మొదటి ఓడ నాలుగో ఎత్తుకి తూర్పు నుంచి తిరిగొచ్చింది. నేను లేచి నిలబడి కెఫెటీరియా అంతా వినేలా ప్రకటించాను. "చూశారా అండి, నా ఓడ భూగోళం చుట్టి వచ్చేసింది."

పెరుగన్నం తింటున్న లీడ్ ఎడమచేత్తో బల్ల మీద చప్పట్లు కొట్టాడు.

"భూగోళం కాదన్నా," అంది మమత మెల్లగా, "చెరువు చుట్టొచ్చింది."

చూస్తే పటంలో నలుపంతా విడిపోయింది. నా నీళ్ళకు నాలుగు వైపులా నేలే.

"మరి సముద్రమన్నారు కదండి?"

"మా దిక్కు పెద్ద చెరువును సముద్రమనే అంటం. హుస్సేన్ సాగర్ పేర్ల గూడ సాగరమే ఉన్నది గద. దాంట్ల పడవెక్కి ఏ దేశం పోయినవ్?"

నేను నోరు తెరిచేలోపే ఆమె గుర్రాలు నా పట్నంలో దిగాయి. ఆపడానికి ఎవడున్నాడు గనక? ఆరు ఓడలూ చెరువు మధ్యలో నిలబడి చోద్యం చూశాయి.

ఇప్పుడు నేను ఏసీ గొట్టం కింద మంకీ క్యాప్ పెట్టుకుని పనిచేస్తున్నాను. చాలా ఉడుకుమోత్తనంగా ఉంది, దాచుకోను. రోజూ టీ వేళకి కిటికీ దగ్గర నుంచి పిలుపొస్తుంది. "అన్నా, జర గిటు రా, సముద్రం చూద్దువు."

సిగ్గు విడిచి వెళ్తాను. చూస్తాను.

కనుక పాఠకులారా, ఇకమీదట ఓడ దించేముందు ఆ నీళ్ళ చుట్టూ ఒకసారి నడిచి వస్తానని, ఎవరైనా సముద్రమంటే ముందు "మీది ఏ జిల్లా అండి?" అని అడుగుతానని, నా మంకీ క్యాప్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను.