ఆడవాళ్ల ‘మేము’

మార్కాపురంలో పలకల కంపెనీలో పనిచేసే రోజుల్లో, స్పెయిన్ వ్యాపారులతో మాట్లాడటానికి ఫోనులో స్పానిష్ నేర్చుకునేదాన్ని. మిరప చేలో కూలికి పోయివచ్చిన అమ్మ పక్కన కూర్చుని వినేది. ఒకరోజు, అందరూ ఆడవాళ్లే అయితే ‘మేము’ అనడానికి ‘నొసోత్రాస్’ అంటారనీ, వాళ్లలో ఒక్క మగవాడున్నా ఆ మాట మారుతుందనీ చెప్పాను.

“ఒక్కడొస్తేనే మారిపోతాదా? ఇదేందమ్మా!” అని అమ్మ ఆ మాట నాతో మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

మర్నాడు పొద్దున కూలీల ఆటో ఇంటి ముందు ఆగింది. “ఎవరెవరు వస్తాండారు పెద్దమ్మా?” అన్నాడు డ్రైవరు.

“నొసోత్రాస్!” అంది అమ్మ.

“అంటే ఏంది?”

“మేము అని. దాంట్లో నువ్వు లేవులే నాయనా.”

ఆటోలో ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. అమ్మ అంత గర్వంగా ఆటో ఎక్కడం నేను చూసింది ఆ ఒక్కరోజే.