మంట తిన్న ఇనుము

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభం పక్కన ఎవరిదో పాత స్కూటర్ స్టార్టు కాక, కిక్కు మీద కిక్కు కొడుతుంటే కార్బురేటర్ పొంగి పెట్రోలు రోడ్డు మీదికి కారింది. ఆ పచ్చి వాసన ముక్కుకు తగిలితే మిగతావాళ్లకు ప్రయాణాలు గుర్తొస్తాయేమో, నాకు మాత్రం దెబ్బలు గుర్తొస్తాయి.

మా నాయిన యాదగిరి మోటారు మెకానిక్. ఇప్పుడు చీరల దుకాణాలూ కోచింగు సెంటర్ల బోర్డులూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న ఆ రోడ్డు పక్కనే, దొర జాగాలో మా రేకుల షెడ్డు ఉండేది. ఎండాకాలం ఆ రేకుల కింద గ్రీజు కరిగి నూనెలా కారేది. ఆషాఢంలో సరూర్‌నగర్ చెరువు మీది నుంచి వచ్చే వాన ఆ రేకుల మీద పడితే పక్కనున్న మనిషి మాట వినపడేది కాదు. బోనాల నాడు అమ్మ వండిన బెల్లం పాశాన్నీ యాట కూరనూ కిరసనాయిలు వాసన పోని చేతులతోనే తినేవాళ్లం. తోటి ఆడపిల్లలు గచ్చకాయలు ఆడుతుంటే నేను పగిలిన బేరింగుల్లోని ఉక్కు గుండ్లతో ఆడేదాన్ని, ఓడిపోతే అవే విసిరి కొట్టేదాన్ని. చేతికి ఏది దొరికితే దానితో కొట్టడం మా ఇంట్లో అందరికీ వచ్చు. నాయిన స్పానరుతో కొట్టేవాడు, అమ్మ తెడ్డుతో కొట్టేది.

నాయినకు జత కోటేశ్వరరావు. గుంటూరు వైపు నుంచి వచ్చి మా షెడ్డు చివర ఇనుము చెక్కే లేతు మిషను పెట్టుకున్నాడు. నన్ను అమ్మడూ అని పిలిచేవాడు, నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. ఇనుము సంగతులు నాకు ఆయనే చెప్పాడు. మంటలో పడ్డ ఉక్కు మీద నెమలి మెడ లాంటి నీలం తేలుతుందనీ, అలా తేలితే దాని బలం పోయినట్టేననీ చెప్పాడు.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ కొట్లాట మొదటిసారి లేచిన ఏడు, దొర చిన్న కొడుకు తన ఎర్ర కారును మా షెడ్డుకు తోలుకొచ్చాడు. పైకప్పు లేని, ఇద్దరే పట్టే ఇంగ్లాండు పందెపు కారు అది. దానికి పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు పంపే కార్బురేటర్లు రెండు, రెండూ చెరో తీరున నడుస్తున్నాయి. పైగా చక్రాన్ని తిప్పే స్టీరింగ్ చెయ్యి చిట్లింది. అది బొంబాయి నుంచి రావాలి. రైళ్లు ఆగిపోయాయి, బజారంతా బందు. నాయిన సైకిలు మీద పాతబస్తీ తుక్కు దుకాణాలన్నీ తిరిగి, వీపు మీద పోలీసు లాఠీ వాతతో ఉత్త చేతులతో వచ్చాడు. చిన్నదొర వారం రోజులు చూశాడు, తర్వాత అందరి ముందూ నాయిన చెంప పగలగొట్టాడు.

"ఐతారం లోపట బండి నడవకుంటే నీ షెడ్డు పీకి రోడ్డు మీద పారేస్త."

శుక్రవారం పొద్దున, ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా అంటున్న చోట, అప్పట్లో బండరాళ్లూ సీతాఫలం పొదలూ తప్ప ఏమీ లేని ఆ మలుపులో, ఆంధ్రా ఆఫీసరు ఒకాయన కారును గుంపు తగలబెట్టిందని తెలిసింది. అది వేరే రకం కారే, కానీ స్టీరింగ్ చెయ్యి మాత్రం రెండింటికీ ఒకటే. నాయిన నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని వెళ్లి, ఇంకా పొగలు పోని ఆ కారు కింద దూరి స్టీరింగ్ చెయ్యి విప్పుకొచ్చాడు. సీట్ల దూది కాలిన కంపు రెండు రోజులు నా జుట్టును వదల్లేదు.

మసి తుడిచే పని నాది. కిరసనాయిలుతో కడిగాను, గరుకు కాగితంతో రుద్దాను. మసి కింద నీలం కనపడింది. నాయిన మెచ్చుకోవాలని అది పోయేదాకా రుద్దాను.

కోటేశ్వరరావు బాబాయ్ ఆ చెయ్యిని చూశాడు. "అన్నయ్యా, ఇది మంట తిన్న ఇనుము. బిగించకండి. నాలుగు రోజులాగితే నేనే కొత్తది చేసిస్తాను."

షెడ్డు ముందు చాయ్ తాగుతున్న పోరగాళ్లలో ఒకడు నవ్వాడు. "ఏందే యాదగిరన్నా, మన పని గూడ గీ ఆంధ్రోళ్లే నేర్పుతరా మనకు?"

నాయిన ముఖం నల్లబడింది. చేతిలో స్పానరు అలాగే పట్టుకుని నా వైపు తిరిగాడు.

"రుద్దింది నువ్వే గద బిడ్డా. నీలం తేలిందా?"

తేలిందంటే ఆ స్పానరు నా వీపు మీద పడుతుందని నాకు తెలుసు.

"లేదు నాయినా."

స్పానరు బాబాయ్ నోటి మీద పడింది. రెండు పళ్లు మట్టిలో రాలాయి. ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు, అంగీతో నోరు మూసుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున కార్బురేటర్లు సరిచేశాం. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస కార్బురేటరు నోటి దగ్గర పెడితే లోపలికి గాలి పీల్చే బుస వినపడుతుంది. రెండు బుసలూ ఒక్క తీరుగా వచ్చేదాకా స్క్రూలు తిప్పాలి. ఎప్పుడూ బాబాయ్ వినేవాడు, ఆ రోజు నేను విన్నాను. "ఎడమది ఎక్కువుంది నాయినా" అన్నాను. ఆయన పావు చుట్టు తిప్పాడు. ఇంజను మగ్గం ఆడినట్టు సాఫుగా ఆడింది. నాయిన నా నెత్తిన చెయ్యి పెట్టాడు. నా పుట్టుకలో అంత గర్వం మళ్లీ పడలేదు.

స్టీరింగ్ విప్పి బిగించిన బండికి నాయిన పద్ధతి ఒకటుండేది. మొదటి చుట్టు తనే తోలేవాడు, పక్కన తన పిల్లను కూర్చోబెట్టుకుని. అది చూస్తేనే బండి గలవాళ్లకు నమ్మకం. చిన్నదొర చూస్తుండగా నన్నెత్తి సీట్లో కూర్చోబెట్టాడు. అప్పుడైనా నేను నీలం సంగతి చెప్పలేదు.

అప్పుడే బాబాయ్ రోడ్డు దాటి వచ్చాడు, వాచిన మూతితో, చేతిలో పెద్ద సుత్తితో. పగ తీర్చుకోవడానికి వచ్చాడనుకున్నారు పోరగాళ్లు. "కొట్టుండ్రి వాన్ని" అంటూ మీద పడ్డారు. కర్రలతో కొడుతున్నా ఆయన పాక్కుంటూ కారు ముందు చక్రం వెనక్కి చేరి, సుత్తితో స్టీరింగ్ చెయ్యిని ఒక్క దెబ్బ కొట్టాడు.

మంచి ఉక్కయితే ఖంగుమని మోగి సుత్తిని ఎగరగొట్టేది. అది మోగలేదు. సీసం కడ్డీలా వంగింది.

నాయిన కిందికి వంగి చూశాడు. తర్వాత సీట్లో ఉన్న నన్ను చూశాడు. నన్ను ఎత్తి కింద పడేసి, స్పానరు తీసుకుని పోరగాళ్ల మీద పడ్డాడు. ఒకడి మోచెయ్యి విరిగింది, ఇంకొకడి తల పగిలింది. కానీ అప్పటికే బాబాయ్ కుడి చెయ్యిని బూట్లతో తొక్కేశారు. లేతు మీద పని చేసే చెయ్యి అది. నుజ్జయిపోయింది.

రెండు రోజుల్లో చిన్నదొర షెడ్డు పీకించాడు. బాబాయ్‌ని దవాఖాన నుంచి తెచ్చి, లేతుతో పాటే విజయవాడ లారీ ఎక్కించారు. ఎక్కేముందు పళ్లు రాలిన నోటితో ఆయన నన్నడిగింది ఒకటే మాట.

"నీకేం తగల్లేదుగా, అమ్మడూ?"

లేదని తల ఊపాను.

ఇప్పుడు అక్కడ షెడ్డు లేదు, దొర జాగా లేదు. ఇప్పటి కార్లకు కార్బురేటర్లే లేవు, చెవితో ఇంజను సరిచేసేవాళ్లూ లేరు. ఎల్బీనగర్ మలుపులో బండరాళ్లను పగలగొట్టి వంతెనలు కట్టారు. నాయిన పోయేదాకా, ఆ చెయ్యి మీద నీలం తేలిందనీ, దాన్ని రుద్ది పోగొట్టింది నేనేననీ ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, అయినా ఇన్నేళ్లూ ఈ సంగతి రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. కోటేశ్వరరావు అబద్ధం చెప్పలేదు. చెప్పింది నేను.