ఆ పొద్దుటి మూలా నక్షత్రం

ఎనభైల చివర్లో కంప్యూటర్ జాతకమంటే జనం ఎగబడేవాళ్లు. మా యజమానికి నంద్యాలలో ఒక అంగడి, ఆళ్లగడ్డలో ఒకటి ఉండేవి. ఆళ్లగడ్డది నాకు అప్పగించాడు. మా ఇంటిల్లిపాదీ చర్చికి పోయేవాళ్లం. నక్షత్రాలతో నాకేం పని, నా పని జీతంతోనే.

గడిచిన ఏళ్లలో ఏ రోజు ఏ నక్షత్రం ఎంతవరకు ఉందో అహోబిలం పండితుడొకాయన లెక్కగట్టి రాసిస్తే, నంద్యాలలో కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే. తప్పులు దిద్దడం యజమానికి నేర్పిందీ నేనే. సరిగ్గా వస్తోందో లేదో చూద్దామని మొట్టమొదట ఆయన కూతురి జాతకం తీశాం. మూలా నక్షత్రమని వచ్చింది. మూలలో పుట్టిన పిల్ల కోడలిగా వస్తే మామకు గండమని మా వైపు భయం. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత ఆ ఫ్లాపీకి నకలు తీసి, దాని అంచున ఉండే గాటు మీద నల్ల స్టిక్కర్ అంటించి నాకిచ్చాడు. అది ఉన్నంతకాలం ఫ్లాపీలో ఉన్నది చదవగలమే గానీ ఒక్క అక్షరం మార్చలేం. చాలదన్నట్టు స్టిక్కర్ మీద అడ్డంగా సంతకం గీశాడు. అంత నమ్మకం నా మీద! తన ఫ్లాపీకి మాత్రం స్టిక్కర్ లేదు.

ఒకరోజు యాగంటి వైపు రైతు ఒకాయన రెండు కాగితాలు పట్టుకుని వచ్చాడు. రెండూ ఆయన కూతురి జాతకాలే. నంద్యాలలో తీయించిన దాంట్లో పూర్వాషాఢ. అనుమానంతో మగపెళ్లివాళ్లు నా దగ్గర మళ్లీ తీయించిన దాంట్లో మూల. సంబంధం వద్దంటున్నారట.

కబురందుకుని యజమాని మధ్యాహ్నం బస్సులో దిగాడు. రైతు ఎదుటే అడిగాడు: "నీకు ఇయ్యన్నిటి మీద నమ్మకం లేదు గదమ్మా. ఏమన్నా గెలికినావా?"

ఒళ్లు మండింది. ఏసును నమ్ముకున్నంత మాత్రాన ఆడపిల్లల నక్షత్రాలు మార్చేస్తానా? స్టిక్కర్ మీద ఆయన సంతకం చెక్కుచెదరలేదని చూపించాను. ఉద్యోగం ఊడితే ఊడిందని, సంచిలోని తన ఫ్లాపీ కూడా తీయమన్నాను. ఎందుకని నసిగాడు. అక్కడే నాకు అనుమానం తగిలింది. రైతు పట్టుబట్టాక తీసిచ్చాడు.

రెండూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూశాను. నాదాంట్లో రైతు కూతురు పుట్టిన రోజు మధ్యాహ్నం దాకా మూల. ఆయనదాంట్లో తెల్లారకముందే మూల అయిపోయింది. మిగతా రోజులన్నీ అచ్చు ఒకటే. ఆ తేదీ నాకు బాగా గుర్తు. మేం మొట్టమొదట తీసిన జాతకం ఆ పొద్దుటిదే. రైతు కూతురూ, ఈయన కూతురూ ఒకే పొద్దున పుట్టారు.

రైతును టీ తాగి రమ్మని పంపేశాను. యజమాని తల ఎత్తలేదు.

"మా బిడ్డకు సంబంధం కుదురుతాండాదమ్మా. నీదాంట్లో గూడా మార్చు."

నాకు కోపం తగ్గలేదు. జాలి కూడా వేసింది, అది ఇంకా చికాకు. రేపు మళ్లీ నన్నే దొంగను చేయడని ఏం నమ్మకం? ఫ్లాపీ ఆయన ముందు పెట్టాను.

"నేను ముట్టుకోను సార్. సంతకం మీది, మీరే పీకండి."

గోటితో గీకి గీకి పీకాడు. నేను నేర్పినట్టే కూర్చుని దిద్దాడు.

రైతు తిరిగొచ్చాక కొత్త కాగితం తీసిచ్చాను. తప్పు ఎక్కడ పడిందని యజమానినే అడిగాడు.

"ఈయమ్మ దాంట్లోనే ఉండాదన్నా. దిద్దినాం."

రైతు నన్ను ఎగాదిగా చూసి, కాగితం కళ్లకద్దుకుని, ఆయనకే దండం పెట్టి వెళ్లాడు. నేను నోరు విప్పితే ఇద్దరు పిల్లల పెళ్లిళ్లు ఆగుతాయి. విప్పలేదు. ఆ పొద్దున పుట్టినవాళ్లెవరికీ మా రెండు అంగళ్లలోనూ మళ్లీ మూల రాలేదు. నక్షత్రాలు తప్పుగా కొట్టే పిల్ల అన్న పేరు మాత్రం ఆళ్లగడ్డలో నాకే మిగిలింది.