జులై ఒకటిన పుట్టినవాళ్ళు

1989 ఏప్రిల్‌లో నన్ను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు సిబ్బంది విభాగంలో, కొత్తగా వచ్చిన కంప్యూటరు మీద పనికి వేశారు. అప్పటికి సీనియర్ క్లర్కుని. లెక్కలు బడిలో కంటే బయటే ఎక్కువ నేర్చుకున్నాను. ఆవిరి ఇంజన్ల బాయిలర్లు బాగుచేసే బాయిలర్ షాపు కార్మికుల సర్వీసు పుస్తకాల్లోని వివరాలు ఎక్కించి, ఏడాదిలోగా రిటైరయ్యేవారి జాబితా తీయడం నాకిచ్చిన పని.

మిషన్ కోసం గదికి ఏసీ బిగించారు. నల్లటి తెర మీద ఆకుపచ్చ అంకెలు తేలుతుండేవి. గోడ అవతలి సుత్తుల మోత నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు వినబడేది. ప్రతి నలుగురిలో ఒకరి పుట్టినతేదీ జులై ఒకటే. పుట్టిన ఏడు మాత్రమే తెలిస్తే జులై ఒకటి అని రాయాలని నిబంధన. అయినా ఆ మధ్యాహ్నాల్లో నాకు మరోలా తోచేది: ఏదో వానరోజున, మనవాళ్ళు పనికోసం వదిలి వచ్చిన కోస్తా ఊళ్ళన్నిటా ఒకేసారి పురుళ్ళు వచ్చి, ఆ పసివాళ్ళంతా ఒకే గొంతుతో ఏడ్చినట్టు.

సూత్రం నేనే రాశాను. పుట్టినతేదీకి అప్పటి రిటైర్మెంటు వయసు యాభై ఎనిమిదేళ్ళు కలిపి, వచ్చిన నెల ఆఖరి రోజు చూపించమన్నాను. కాగితం గరగరమంటూ మడతలు మడతలుగా దిగింది. ఎంతో ముచ్చటపడ్డాను.

మర్నాడు బాయిలర్ షాపు దానియేలు మేస్త్రి కిటికీ దగ్గరికి వచ్చాడు. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో ఉండే పెద్దాయన.

"బాబూ, నీ పెట్టి నన్నెప్పుడు ఇంటికి పొమ్మంటందేటి?"

జులై ముప్పై ఒకటి అని చదివి చెప్పాను. ఆయన మొహం విచ్చుకుంది. మా షాపు నుంచి వెళ్ళబోయే ఆఖరి స్టీమ్ బాయిలర్ ఆయన చేతిలో ఉంది. దానికి ఆవిరి పరీక్ష జులై రెండో వారంలో. సేఫ్టీ వాల్వు తానే అమర్చి, ఆవిరి ఒత్తిడికి అది పైకి లేవడం తన సర్వీసులోనే చూడాలని ఆయన కోరిక. గడువు ఉందని నమ్మి, కాస్త అనుమానమున్న గొట్టాలను కూడా ఊడదీసి మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు.

జూన్ మూడో వారంలో ఆయన రిటైర్మెంటు కాగితాలు చేత్తో రాస్తూ, పుట్టినతేదీ జులై ఒకటి దగ్గర ఆగిపోయాను. వయసు నిండేది పుట్టినతేదీకి ముందురోజు. కాబట్టి ఒకటో తేదీన పుట్టినవాడి సర్వీసు అంతకుముందు నెలతోనే ముగుస్తుంది. నాకు తెలియని నియమం కాదు. చేత్తో రాసినన్నాళ్ళూ ఆ ఒక్కరోజు వేళ్ళే తగ్గించేవి. మిషన్‌కి చెప్పలేదు.

జాబితాలోని ఒకటో తేదీవాళ్ళందరినీ చేత్తో దిద్ది, షాపుకి వెళ్ళి, తప్పు నాదేనని మేస్త్రికి చెప్పాను. ఆయన చేతులు తుడుచుకున్నాడు.

"మాయమ్మకే తెలీదు నానెప్పుడు పుట్టినానో. ఆ రోజు ఇచ్చినోళ్ళూ మీరే, నాకాడ నెల లాగేసినోళ్ళూ మీరే. బాగుంది బాబూ!"

మిగిలిన పని వారంలో ముగించవచ్చేమో అని అడిగాను.

"తొందర పడితే ఆవిరి ఊరుకుంటాదేటి?" అన్నాడు. మళ్ళీ గొట్టం మీదికి వంగాడు.

వాల్వు ఇంకా అమర్చకముందే, జూన్ ముప్పైన ఆయనకు దండ వేసి ఇంటిదాకా సాగనంపారు. పరీక్షరోజున ఆయన్ని లోపలికి రానివ్వమని నేను పెట్టిన దరఖాస్తుకు, రిటైరైనవారికి షాపులో పనిలేదని జవాబు వచ్చింది. ఆ ఉదయం మేస్త్రి ప్రహరీగోడ బయట, సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. చాలాసేపటికి రేకుల కప్పు మీద తెల్లటి ఆవిరి లేచి, ఆకాశంలో వెడల్పుగా విచ్చుకుంది. వాల్వు అరుపు ఆగేదాకా ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"సరిగ్గా లేసింది," అని సైకిలెక్కాడు.

ఆ సాయంత్రం సూత్రంలో ఒకటో తేదీవాళ్ళ కోసం ఒక షరతు చేర్చాను. ఆ తర్వాత ఏ ప్రోగ్రాము రాసినా, ముందు ఒకటో తేదీవాళ్ళనీ ఫిబ్రవరి ఇరవై తొమ్మిదివాళ్ళనీ చేత్తో లెక్కకట్టి, పోల్చుకున్నాకే కాగితం బయటికిచ్చాను. తేలికైన తేదీలతో సరిచూస్తే ఏ సూత్రమైనా సరిగానే కనబడుతుంది.