నిన్నటి పాట ఇవాళ పాడని మనిషి

మా నాస్తో గురించి అడిగేవాళ్ళంతా ఆ టీవీ సంగతే అడుగుతారు. డెబ్బై దాటిన మనిషి బతుకులో ఒక ఆదివారం మధ్యాహ్నం తప్ప ఇంకేమీ లేనట్టు. నాకు ఒళ్ళు మండుతుంది. ఉమ్మడి పొలం రోజుల్లో ఆవిడ పశువుల కొట్టంలో చేతులు పగిలేదాకా పాలు పిండింది. మొగుడు, కాలా అనేవాడు, ట్రాక్టరు తోలుతూ తాగేవాడు, తర్వాత తోలడం మానేసి తాగడం ఒక్కటే పెట్టుకున్నాడు, అట్లాగే పోయాడు. ఆ పైన ఉల్లి పండించి, సంతలో అమ్మి, ఇల్లు నిలబెట్టుకుంది. ఇదంతా ఎవరికీ అక్కర్లేదు. సరే, ఆ ఆదివారం సంగతే చెబుతాను. కానీ నేను చెప్పినట్టు వినాలి.

మా సెతో జాతి ఆడవాళ్ళ పాటకు ఒక పాటతల్లి ఉంటుంది. ఆవిడ చరణం ఎత్తుకుంటుంది. చరణం చివర్లో మిగతావాళ్ళం అందుకుని మళ్ళీ దాన్నే పాడతాం. నాది పైగొంతు, అందరి గొంతుల మీదా ఒక్కటే తేలుతూ పోయేది. పాటతల్లి ఏమంటే మేమూ అదే అనాలి. నచ్చినా అనాలి, నచ్చకపోయినా అనాలి, నోరు మూసుకుని నిలబడడం అనేది లేదు. ఒక పెళ్ళిలో నాస్తో నన్ను చూసి, నేను చేసిన జున్ను గోడకేసి కొడితే గోడే పగులుతుందని చరణం కట్టింది. ఆ మాటను అందరికన్నా పైగొంతున పాడింది నేనే.

ఆ చరణాలు ఎక్కడా రాసి ఉండవు. ఎదుట ఉన్న మనిషి మొహం చూసి, ఆ పూట ఎట్లా ఉందో చూసి, అప్పటికప్పుడు కడుతుంది. మామూలు మాటల్లో నాస్తో కావలసినన్ని అబద్ధాలు ఆడేది, ఉల్లిపాయలు బేరమాడేవాళ్ళతో అయితే మరీనూ. పాటలో మాత్రం ఆవిడకు అబద్ధం వచ్చేది కాదు. అందుకే కొందరు ఆవిడను పెళ్ళికి పిలవాలంటే జంకేవాళ్ళు.

ఆవిడ చెల్లెలు హెమ్మోను పెత్సేరి వైపు ఊరికిచ్చారు. ఆ పెళ్ళినాటికి అటూ ఇటూ లేదు. పొలాలకు అడ్డంపడి నడిస్తే, పొయ్యి మీద పెట్టింది ఉడికేలోగా చెల్లెల్ని చూసి రావచ్చు. హెమ్మో కూడా మా గుంపులోనే పాడేది. తర్వాత మధ్యలో సరిహద్దు పడింది, కంచె వచ్చింది, దాటడానికి అనుమతి కాగితాలు వచ్చాయి, చివరికి ఆ కాగితాలు రావడం కూడా మానేశాయి. ఈలోగా హెమ్మోకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. మాట కూడా పోయింది. కొడుకు మిత్రో ఫోను తెచ్చి ఆమె చెవి దగ్గర పెట్టేవాడు. నాస్తో ఇటునుంచి వచ్చే నెలలో వస్తున్నాననేది. రెండు చలికాలాలు అదే వచ్చే నెల. హెమ్మో మొహం అటు తిప్పేసుకునేదట.

ఫోనులో ఒక పాటైనా పాడకూడదా అని నేనే ఒకసారి అన్నాను. నాస్తో నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. అందుకునేవాళ్ళు లేకుండా పాటతల్లి ఒక్కతే ఏం పాడుతుంది?

హెమ్మో రోజంతా టీవీ వైపు చూస్తూ పడుకునేదని మిత్రో చెప్పేవాడు. సరిహద్దును ఆనుకున్న ఊరు కాబట్టి మా చానెళ్ళు అక్కడా వస్తాయి.

అట్లాంటప్పుడు, ఆ శరత్తులో, రాజధాని నుంచి హెలెరీన్ అని టీవీ పిల్ల వచ్చింది. ఐరోపా పాటల పోటీకి మా దేశం తరఫున ఎవరు వెళ్ళాలో తేల్చే కార్యక్రమం పెడుతున్నారట. ఆ వేదిక మీద ఇంతవరకూ ఎవరూ వినని పాట కావాలట. మా గుంపు పనులు చూసే లీదెకు కాళ్ళు నేల మీద నిలవలేదు. నాస్తో మాత్రం, అది జరుగుతున్నప్పుడే నేరుగా టీవీలో వస్తుందా అని ఒక్కటే అడిగింది. వస్తుందన్నారు. ఒప్పుకుంది. ఎవరి కోసం ఒప్పుకుందో మాకందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనలేదు.

పోటీ నియమాలు పోటీకి ఉంటాయి. మూడు నిమిషాలు దాటకూడదు. వేదిక మీద ఆరుగురే ఉండాలి. దాంతో మిగిలిపోయినవాళ్ళు మాతో మాటలు మానేశారు. పాట మాటలు ముందే రాసి పంపాలి, పంపినదాంట్లో ఒక్క మాట మారకూడదు. మా కథ ఇక్కడే అడ్డం తిరిగింది.

హెలెరీన్ మా పాట రికార్డు చేసుకుని, మర్నాడు మళ్ళీ పాడమంది. నాస్తో పాడింది. ఆ పిల్ల కాగితం చూసుకుని, ఇది వేరే పాట కదా అంది.

"అదే పాటే, పిల్లా."

"మాటలు మారిపోయాయి, అమ్మమ్మా. నిన్నటిదే పాడండి."

"నిన్నటి పాట ఇవాళ ఎట్లా పాడతాను? నిన్న వాన పడింది."

ఆ తర్వాత ఆ పిల్ల, చిన్న కోడళ్ళు పెట్టుకునే పెద్ద వెండి బిళ్ళ నాస్తోను కూడా గుండె మీద పెట్టుకోమంది, తెర మీద మెరుస్తుందని. పిల్లల్ని కనే వయసు దాటినవాళ్ళు మాలో అది పెట్టుకోరు. ఈ వయసులో అది తగిలిస్తే మొగుణ్ణి వెతుకుతున్నానని ఊరంతా అనుకుంటుందని, వచ్చేవాడెవడైనా ఉంటే ముందు వాణ్ణి చూపించమని నాస్తో అంది. వెండి సంగతి అంతటితో ఆగిపోయింది.

మాటల సంగతి ఆగలేదు. నాస్తో పాడినవాటిలోంచే బాగున్నవి ఏరి, వసంతం గురించి, భూర్జ చెట్ల గురించి లీదె ఒక పాట రాసింది. తన మాటలే తనకు బరువయ్యాయి నాస్తోకు. ఆవు పొదుగు దగ్గర కూర్చుని, బడిపిల్లలాగా వల్లె వేసేది. మధ్యలో తప్పిపోయి మొదటికి వచ్చేది. నాకు చూడబుద్ధి కాలేదు. ఎందుకిన్ని తిప్పలు అక్కా అంటే, "అది నన్ను చూడాలి గదే. చూస్తే చాలు, నేనేం పాడితే ఏం?" అంది.

ఫిబ్రవరిలో ఆ ఆదివారం వచ్చింది. పెద్ద హాలు, కళ్ళు పొడిచే దీపాలు. చక్రాల మీద కదిలే కెమెరా ఒకటి ఉంది. జనం వైపు కాదు, దాన్లోకే చూసి పాడాలని లీదె నాస్తోకు నూరిపోసింది. లీదె చేసిన పొరపాటు అది. ఎదుట ఎవరుంటే వాళ్ళకు పాట కట్టే మనిషిని పట్టుకుని, ఆ గాజుకంట్లోకి చూడమన్నాం. అందులో ఆవిడకు చెల్లెలు కాక ఎవరు కనిపిస్తారు?

రెండు చరణాలు రాసినట్టే వచ్చాయి. కెమెరా దగ్గరికి జరిగింది. నాస్తో ఊపిరి తీసుకోవడంలోనే నాకు తేడా తెలిసిపోయింది.

"చెల్లెలా, నా చిట్టి హెమ్మో, మంచాన పడ్డ నా పిట్టా" అని ఎత్తుకుంది.

మేం అందుకున్నాం. ఏం చేస్తాం మరి? పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి చేస్తున్నదే చేశాం. లీదె మొహం సున్నం కొట్టినట్టయింది, కానీ దాని నోరూ అదే పాడింది.

"వస్తానంటూ వస్తానంటూ నిన్ను నమ్మించాను, రాను, నేను రాలేను."

మా ఐదు గొంతులూ "రాను, నేను రాలేను" అన్నాయి. అన్నిటి మీదా నాది. అక్కడితో ఆగలేదావిడ. అమ్మ సమాధి అటే ఉండిపోయిందని, నువ్వు పోతే పిడికెడు మట్టి వేయడానికి కూడా నన్ను రానివ్వరని పాడింది. మూడు నిమిషాలు ఎప్పుడో దాటాయి. చివరికి మా గొంతులు తగ్గించేసి ప్రకటనలు వేశారట. మమ్మల్ని పోటీ నుంచి తీసేశామని హెలెరీన్ వచ్చి చెప్పింది, చెబుతూ ఏడ్చింది. వాళ్ళను అనడానికేం లేదు, నియమం ముందే చెప్పారు.

తిరుగు ప్రయాణానికి బస్సెక్కాం. పొద్దు ఇంకా మంచు మీద ఉంది. లీదె తెచ్చిన జున్ను, ఇంటి సారా సంచిలోంచి బయటికి రాలేదు. చాలాసేపటికి లీదె ముందు సీటులోంచి వెనక్కి తిరక్కుండానే అంది.

"మన పాటంటూ ఒకటుందని జనానికి తెలిసేది అక్కా. మూడంటే మూడు నిమిషాలు నోరు కట్టుకోలేకపోయావు."

నాస్తో ఒప్పుకుంటున్నట్టు తల ఊపింది. అప్పుడే ఫోను మోగింది. ఆవిడకు సరిగ్గా వినపడదని నేనే తీసి స్పీకరు పెట్టాను. మిత్రో.

"పెద్దమ్మా, అమ్మ చూసింది. మొత్తం చూసింది."

"ఏడ్చిందా?"

"ఏడవలేదు. మీతోపాటు పాడింది. మాట సరిగ్గా తిరగలేదు గానీ, మీరు అనగానే తనూ అంది."

"ఏమంది?"

"రాను అంది, పెద్దమ్మా. రాను, రాను అని."

బస్సులో మా అందరికీ కళ్ళు చెమర్చాయి, లీదెకు కూడా. సంతోషమే మాకు. నాస్తో మొహంలో మాత్రం సంతోషం లేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"రెండేళ్ళకు నోరు విప్పింది. ఆ మాట దాని చేత అనిపించాను గదే."

పాటతల్లి అన్నది అనక తప్పదు మాలో. హెమ్మో తన పని తను చేసింది. ఆ మాట చెబితే ఆవిడకు ఊరటా కాదు.

ఫోను చెల్లెలి దగ్గర పెట్టమంది మిత్రోను. కిటికీ వైపు తిరిగి గొంతు సవరించుకుని ఎత్తుకుంది, "ఉన్నాను చెల్లెలా, ఇక్కడే ఉన్నాను" అని. అందరికన్నా ముందు అందుకున్నది లీదె. ఆ వెనక మేం. మా గొంతులు ఆగాక కూడా ఫోనులో ఒక గొంతు వినిపిస్తూనే ఉంది. మెల్లగా, మెలికలు పడుతూ, ఏ మాటో కూడా తెలియకుండా. నాస్తో తర్వాతి చరణం ఎత్తుకోలేదు. అది పూర్తయ్యేదాకా ఆగింది.